బుష్ వేశానండీ

మూడు చుట్లు చుట్టాడా, నాలుగా, నాలుగే అయ్యుంటాయి, నల్ల టేపు అక్కడికి అయిపోయింది కదా, నాలుగు చుట్లు ఏలూరు నుంచి ఇక్కడిదాకా ఆగాయంటే ఇంకో రెండు కిలోమీటర్లు ఆగవా, కానీ ఈ గట్టంతా గుంటలే, గుంటలో పడ్డప్పుడల్లా బండి ఒళ్ళు విదిలించుకుంటోంది, విదిలించుకున్నప్పుడల్లా ఆ రేకు అంచు వైరు మీద ఒక గీత గీస్తూనే ఉంటుంది, రూబెన్ మోకాళ్ళ మధ్య గేరురాడ్డు, కుడిపక్క స్టీరింగు పట్టుకుని చెరువుల ఆసామి సూర్యప్రకాశరావుగారు, ఎడమపక్క ఆయన బావమరిది సత్యనారాయణమూర్తిగారు, నూటపది కిలోల మనిషి, ఆయన దిగితేగాని తను దిగలేడు, ఆయన దిగితే కాలు పడేది కొల్లేట్లోనే, అంత సన్నం గట్టు, ఏడున్నరైనా మంచు విడలేదు, నిన్న తను బంపరు మీద బిగించిన రెండు పసుపు లైట్లూ లేకపోతే దారేదో నీళ్ళేవో తెలీదు, భలే ఉందయ్యా నీ స్విచ్చి, టిక్కంటే వెలుగు, టిక్కంటే చీకటి, అంటున్నారు మూర్తిగారు, ఒరే మూర్తీ, ఇంకోసారి ఆర్పావంటే నిన్ను చేపలకేస్తాను, అంటున్నారు రావుగారు.

బ్యాటరీ నుంచి వైరు లాగి, ఇంజనుకీ క్యాబిన్‌కీ మధ్య రేకుకి డ్రిల్లుతో బెజ్జం పెట్టి లోపలికి దూర్చాడు, ఆ బెజ్జానికి రబ్బరు బుష్ వెయ్యాలి, లేకపోతే ఇనుము వైరుని కోసేస్తుంది, షాపులో ఆ సైజు లేదు, అప్పటికి టేపు చుట్టి, రేపు తెచ్చి వేద్దామనుకుంటుండగానే స్టూలు మీంచి రావుగారు, అయిపోయిందా రూబెన్, అయిపోయిందండీ అంది నోరు, బుష్ వేశావుగా, కొత్త బండి, వేశానండీ, నోరు తనకంటే ముందు పుట్టినట్టుంది, పోనీ ఫ్యూజుంది కదా అనుకుంటే అది స్విచ్చి దగ్గర, బెజ్జానికి ఇవతల, వైరు తెగి ఇనుముకి తగిలేది ఫ్యూజుకి అవతల, బెజ్జంలోనే, అక్కడ బ్యాటరీ నుంచి నేరుగా మంట, ఆపేదేమీ లేదు, వెనక తొట్టిలో వల మీద ఎనిమిదిమంది, అందులో తన భార్య పెర్సిస్ తమ్ముడు ఏసోబు, అద్దం మీద కొట్టి అరుస్తున్నాడు, ఏం బావా, ముందు సీట్లో పెళ్ళికొడుకులా కూచున్నావ్, మాకూ ఓ లైటు పెట్టకూడదా, వాడికేవైనా అయితే పెర్సిస్ మొహం ఎలా చూడటం, ఏదో వాసన, రబ్బరు కాలుతోందా, కాదు, మూర్తిగారి చుట్ట, చుట్టేనా?

చెప్పెయ్యాలి, నాలుగు మాటలే, కానీ ముప్పయ్యేళ్ళుగా ఈ నోటికి వచ్చిన జవాబు ఒక్కటే, వాక్యం చదివావా అని పాస్టరుగారంటే చదివానండీ, ఒంట్లో కులాసానా అని మావగారంటే కులాసానండీ, నూటమూడు జ్వరంలో కూడా, ఏవండీ, అన్నాడు ఎలాగో, ఆ బుష్ వెయ్యలేదండీ, ఆఁ, సరేలే, అన్నారు రావుగారు రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, ఆయన చెవికి వేశానండీ అన్నా వెయ్యలేదండీ అన్నా ఒకటేనేమో, చివరి రెండక్షరాలే వినపడతాయేమో, పెద్ద గుంట, తొట్టిలో కేకలు, లైట్లు ఒక్కసారి ముడుచుకుని మళ్ళీ వెలిగాయి, అది మూర్తిగారి వేలు కాదు, ఆయన రెండు చేతులూ డాష్‌బోర్డు మీదున్నాయి.

బుష్ వెయ్యలేదు, బండాపు!

బ్రేకు పడింది, వలవాళ్ళు ఒకరి మీద ఒకరు పడ్డారు, ఏవన్నావ్, అని రావుగారు తిరిగారు, ఆయన్ని ఆపింది బుష్ కాదు, ఆపు అన్న మాట, మూర్తిగారు నోరు తెరిచేసరికి చుట్ట ఒళ్ళో పడింది, తనెలా ఆయన మీంచి పాకి దూకాడో తెలీదు, మోకాలిదాకా నీళ్ళు, బానెట్టు ఎత్తి ముందు బ్యాటరీ వైరు పీకేశాడు, మంచులో కళ్ళు మూసుకున్నాయి లైట్లు, నాలుగు చుట్ల టేపూ తెగింది, ఎర్ర తొడుగూ తెగింది, రాగి మెరుస్తోంది, దానికీ రేకుకీ మధ్య గోరు దూరేంత సందు, రావుగారు వంగి చాలాసేపు చూశారు, మరి నిన్న వేశానన్నావు, అన్నారు మెల్లగా, అబద్ధం చెప్పాను, అన్నాడు రూబెన్, మాట చివర అండీ కోసం నోరు అలవాటుగా వెతుక్కుంది, దొరకలేదు, దొరక్కపోయినా ఆయన మీద గౌరవం ఎక్కడిదక్కడే ఉంది, పోయింది వేరే ఏదో, చల్లటి నీళ్ళలో నిలబడి ఆ పోయినదేమిటా అని చూసుకున్నాడు, ఇన్నేళ్ళూ తను మర్యాద అనుకుంటూ వచ్చింది ఒట్టి భయం.