బలం గోలీలు

ఆఖరి దోసె ఎప్పుడూ సుభద్రదే. గిన్నె అడుగున మిగిలిన పిండిలో ఇన్ని నీళ్లు చిలకరించి పోస్తే అది పెనానికి అతుక్కుపోయి ముక్కలుగా వస్తుంది. ఆ ముక్కల్ని నిలబడే తినేది, ఒక చేత్తో కుచ్చిళ్లు సర్దుకుంటూ. అంతకుముందు వేసినవన్నీ భర్త చక్రపాణికీ, అత్తగారు కోటేశ్వరమ్మకూ, బడికి పోయే కూతురికీ.

"వాడు బయట తిరిగేవాడమ్మాయ్. ఇంకాస్త నెయ్యి వెయ్యి," అనేది కోటేశ్వరమ్మ.

బయట తిరగడమంటే దిల్‌సుఖ్‌నగర్ నుంచి స్కూటరు మీద ఆఫీసుకు పోవడం, ఫ్యాను కింద కూర్చోవడం, రావడం. సుభద్రా బయట తిరిగేదే. బస్సు మారి ప్రసూతి దవాఖానకు, అక్కడ ఆపరేషన్లు ముగించుకుని మళ్లీ బస్సెక్కి ఎల్‌బీ నగర్ అవతలకు. ఆ మాట ఆమె ఎన్నడూ అనలేదు. నెయ్యి వేసేది.

ఎల్‌బీ నగర్ చుట్టూ అప్పుడు జొన్న చేలన్నీ ప్లాట్లవుతున్నాయి. ఎక్కడ చూసినా సున్నం గీతలు, ఇటుక కుప్పలు. నల్లగొండ పల్లెల నుంచి మేస్త్రీలు, కూలీలు పెళ్లాలతో, తల్లులతో వచ్చి, తాము కట్టే ఇళ్ల పక్కనే రేకుల గదుల్లో ఉండేవాళ్లు. సుభద్ర ఆడవాళ్ల డాక్టరు. అక్కడ రెండు గదులు కిరాయికి తీసుకుని, ఢిల్లీ వాళ్ల డబ్బుతో ఒక పరిశోధన నడిపిస్తోంది. కడుపుతో ఉన్నవాళ్లకు రోజూ ఇనుము గోలీ ఇస్తే కాన్పు నాటికి వాళ్ల రక్తం ఎంత పెరుగుతుందో తేల్చాలి. తేలితే ప్రతి ఊళ్లో ప్రతి గర్భిణికీ ఇవ్వమని సర్కారును అడగొచ్చు.

ఆమెకు ఈ పట్టుదల ఒక చావు చూశాక వచ్చింది. దవాఖానలో కాన్పు బల్ల మీద ఒక చిన్న వయసు తల్లి తెల్లగా పాలిపోయి చనిపోయింది. పోయిన రక్తం మరీ ఎక్కువేం కాదు. ఉన్నదే తక్కువ.

నెలలు గడిచాయి. గోలీలు అయిపోతున్నాయి, మళ్లీ తీసుకుపోతున్నారు. రక్తం మాత్రం పెరగలేదు.

పెద్ద డాక్టరు మల్లికార్జునరావు కాగితాలు చూసి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "మందు పనిచెయ్యలేదని రాస్తే ఢిల్లీ వాళ్లు ఊరుకోరు. ఆడవాళ్లు అశ్రద్ధగా ఉంటారు, మింగరు అని రాసి మూసెయ్యమ్మా. నీకూ సుఖం. ఇల్లు చూసుకోవచ్చు."

"ఇంకొన్నాళ్లు ఆగండి సార్," అంది సుభద్ర. ఇల్లు చూసుకోవచ్చు అన్న మాట రోజంతా చెవిలోనే ఉంది. చూసుకోకుండా ఎన్నడు వచ్చింది తను?

మర్నాటి మధ్యాహ్నం కిరాయి గది గుమ్మంలో ఒక మేస్త్రీ వచ్చి నిలబడ్డాడు. పేరు భిక్షపతి. వాడి పెళ్లాం ముత్తమ్మ అక్కడికి గోలీలకు వచ్చే మనిషే.

"డాక్టరమ్మా, నువ్వు మొగోళ్లను గిట్ల చూస్తవా?"

"ఏమైంది?"

వాడు అటూ ఇటూ చూశాడు. గొంతు తగ్గించాడు. "ఎట్ల చెప్పాలె... పొద్దుగాల చెరువు గట్టుకు పోతే నల్లగ వస్తున్నది. బొగ్గు లెక్క. నెలసంది గిదే కత. లోపట ఏమన్న మురిగిందేమోనని పరేషానున్న. తాగుడు గూడ బంద్ వెట్టిన."

సుభద్ర ముత్తమ్మ పేరున్న కాగితం తీసి చూసింది. ఇనుము గోలీ మింగినవాళ్లకు విరేచనం అలాగే నల్లగా వస్తుంది. ముత్తమ్మను అడిగితే ఎన్నడూ రాలేదనేది.

"నీకేం రోగం లేదు. నువ్వు తినే గోలీలు ఎవరిచ్చారు?"

"మా అమ్మ. బలం గోలీలట గద."

నవ్వొచ్చింది, కోపమొచ్చింది. వాడితోపాటే నడిచి వాళ్ల గదికి పోయింది. భిక్షపతి తల్లి లచ్చమ్మ గుమ్మంలో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. గోలీల డబ్బా దేవుడి పటం వెనక పెట్టుకుంది. అడిగితే దాచకుండా తీసి చూపించింది.

"ఔ, కొడుక్కే ఇస్తున్న. గోడలు కట్టెటోడు ఆడు. ఆనికి బలం గావాలె గని దీనికెందుకు బిడ్డా? ఇంట్ల ఉండేదేనాయె. మా వాడకట్టుల అందరం గట్లనే ఇస్తున్నం."

ఇంట్లో ఉండే ముత్తమ్మ అప్పుడే ఇటుకల తట్ట దించి వచ్చింది. నెత్తి మీద చుట్టకుదురు ఇంకా అలాగే ఉంది. పెదవులు బూడిద రంగులో ఉన్నాయి.

"నువ్వెందుకు చెప్పలేదు ముత్తమ్మా?"

"నాకు ఉత్త కడుపుల మింగితే తిప్పుతది. ఆయన మింగితే బలమొస్తదంటే సరే అన్న," అంది ముత్తమ్మ. ఆ మాటలో దొంగతనం లేదు. ఉన్నదాంట్లో మంచిది మొగుడికి పెట్టిన ఆడదాని తృప్తి ఉంది.

లచ్చమ్మను నాలుగు మాటలు అందామనుకుంది సుభద్ర. అనకుండానే వెనక్కి తిరిగింది. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆలోచించింది. లచ్చమ్మ అన్నదీ కోటేశ్వరమ్మ అనేదీ ఒకటే. యాస వేరు. పాల మీది మీగడ ఎవరికి పోతుంది? ఉడకబెట్టిన గుడ్డు ఎవరికి? ఎవరు లాక్కున్నారు తన కంచంలోంచి? ఎవరూ లాక్కోలేదు. తన చేత్తో తానే వడ్డించింది, ఎదురుగా నిలబడి కొసరి కొసరి. పదేళ్లు చదివిన వైద్యం వంటింటి గడప దగ్గరే చెప్పుల్లా విడిచి లోపలికి పోతోంది. ఒకసారి జ్వరంతో పడుకుంటే చక్రపాణి తలుపు దగ్గర నిలబడి, "డాక్టరువి, నీకు నువ్వు చూసుకోలేవా?" అన్నాడు. చెడ్డగా అనలేదు పాపం. నిజంగానే అడిగాడు.

ఆ వారం మళ్లీ రక్తపరీక్షలు జరిగాయి. సూదంటే అక్కడి ఆడవాళ్లకు భయం. తీసిన రక్తం మళ్లీ రాదని వాళ్ల నమ్మకం. అందుకని సుభద్ర ప్రతిసారీ ముందు తన వేలికే గుచ్చుకుని చూపించేది. ఆ చుక్కను దూదితో తుడిచేసేది. ఆ రోజు హడావిడిలో పరీక్షలు చేసే జానయ్య దాన్ని కూడా గొట్టంలోకి పీల్చుకున్నాడు. సాయంత్రం ఫలితాలు పట్టుకుని కంగారుగా వచ్చాడు.

"మేడమ్, గీ లిస్టుల ఒకామె పేరు లేదు. అందరికంటే గీమెకే తక్కువున్నది. జల్ది దవాఖానల షరీక్ చెయ్యాలె. ఏ గల్లీ ఆమె మేడమ్?"

సుభద్ర తన వేలి కొస చూసుకుంది. సూది గుచ్చిన చోట చిన్న చుక్క.

"మా గల్లీ ఆమే జానయ్యా," అంది.

మర్నాడు తొలి బస్సులో బయలుదేరింది. దారిలో ఇంకా మసక వెలుతురు. రేకుల గదుల పక్కన రోడ్డు మీద నీళ్ల ట్యాంకరు ఆగి ఉంది. దాని చుట్టూ బిందెలు, బిందెల వెనక ఆడవాళ్లు. నవ్వులు, తిట్లు, తోపులాట. సుభద్ర బస్సు దిగి అక్కడే నిలబడి చూసింది. ఒక్క మగవాడు లేడు. ఒక్క అత్తగారు లేదు. కడుపుతో ఉన్నవాళ్లూ, చంకలో పిల్లలున్నవాళ్లూ, అందరూ కోడళ్లే. నీళ్లు మోయడం కోడలి పని గనక అక్కడికి ఇంకెవరూ రారు. ఆ కాసేపు వాళ్లు ఎవరికీ ఏమీ పెట్టనక్కర్లేదు.

గోలీ అక్కడ ఇవ్వాలి. చేతిలో పెట్టి, కళ్ల ముందే మింగించాలి.

మల్లికార్జునరావు విని తల పట్టుకున్నాడు. "అంటే మన పరిశోధన తప్పని మనమే చెప్పుకోవాలా?"

"గోలీలు మొగుళ్లు మింగారని ఉన్నదున్నట్టు రాస్తాను సార్. మందు తప్పు కాదు, చేరాల్సిన నోటికి చేరలేదు. మళ్లీ మొదటి నుంచి చేస్తాను."

"తెల్లారకముందు అక్కడ ఎవరు నిలబడతారు? నర్సులు రారు."

"నేను నిలబడతాను."

ఆయన కాగితాలు దగ్గరికి లాక్కున్నాడు. కళ్లజోడు పెట్టుకుని, "చెయ్యమ్మా. పేరొచ్చినా మాటొచ్చినా నీదే," అన్నాడు.

నిలబడతానని ఆయనతో అనడం తేలికే. ఇంట్లో అనడానికి ఆమెకు రాత్రి భోజనాలయ్యేదాకా పట్టింది.

"రేపట్నుంచి పొద్దున్న నేనుండనండీ. చీకటితోనే పోవాలి."

"ఎన్నాళ్లు?" అన్నాడు చక్రపాణి.

"వాళ్ల కాన్పులయ్యేదాకా. తర్వాత ఇంకొకళ్లవి."

"మరి టిఫిను? అమ్మ కాఫీ? పిల్ల జడ?"

"పిండి రుబ్బి ఉంటుంది. పెనం అక్కడే ఉంటుంది."

"ఏవిటే ఈ చోద్యం!" అంది కోటేశ్వరమ్మ. "ఊళ్లో వాళ్ల కోడళ్లకి మందు పొయ్యడానికి మనింటి పొయ్యి ఆర్పుకోవాలా? వాడు దోసె పోసుకోవాలా?"

సుభద్ర గొంతు పెంచలేదు. "అత్తయ్యా, నా రక్తం పరీక్ష చేశారు. అక్కడి ఇటుకలు మోసేవాళ్ల కంటే తక్కువుంది."

కోటేశ్వరమ్మ కోడలి చెయ్యి పట్టుకుని గోళ్లు దీపం వైపు తిప్పి చూసింది. ఆ పాలిపోయిన గోళ్లు చూస్తూ, "మా అమ్మ చేతులూ ఇలానే ఉండేవి," అంది మెల్లగా. చెయ్యి వదిలి లోపలికి పోయింది.

పొద్దున చీకటిలో సుభద్ర దిల్‌సుఖ్‌నగర్ బేకరీ ముందు ఆగి వేడి బన్నులు సంచీ నిండా కొనుక్కుంది. ఖాళీ కడుపున మింగితే తిప్పుతుందని ముత్తమ్మ చెప్పింది మరి. ట్యాంకరు దగ్గర వరసలో నిలబడినవాళ్ల చేతుల్లో ముందు బన్ను, తర్వాత గోలీ పెట్టింది. పైపు నుంచి పడే నీళ్లు దోసిట్లో పట్టుకుని మింగారు. ముత్తమ్మ మింగి నోరు తెరిచి చూపించింది.

"సూసినవా? మా ఆయనకు ఇగ తెల్లగనే వస్తది," అంది. బిందెలు దొర్లేలా నవ్వారు అందరూ.

నవ్వు ఆగాక ముత్తమ్మ సంచీలోకి తొంగి చూసింది. ఒక బన్ను మిగిలింది. "మరి నువ్వు తిన్నవా డాక్టరమ్మా?"

ఎవరూ ఆమెను ఆ మాట అడిగి ఎన్నాళ్లయిందో. లేదంది. ముత్తమ్మ తన బిందె బోర్లించి పీట వేసింది. సుభద్ర రోడ్డు పక్కన ఆ బిందె మీద కూర్చుంది. పరిశోధన గోలీ ముట్టుకోలేదు, మందుల షాపులో తన కోసం కొనుక్కున్నది పర్సులోంచి తీసింది. బన్ను మొత్తం తిని, గోలీ మింగి నీళ్లు తాగింది.

ఇంట్లో ఇంకా ఎవరూ లేచి ఉండరు. పెళ్లయిన తర్వాత ఆ ఇంటి మనుషులందరికంటే ముందు ఆమె కడుపు నిండడం అదే మొదలు.