ఐజాక్ సారు ఒప్పుకున్న పాపం

బొమ్మనహళ్ళిలో ఇంగ్లీషంటే ఐజాక్ సారే. పగలు బడి, సాయంత్రం మిద్దె మీద ట్యూషన్. ఆ ధీమా ఆయన నడకలోనే కనిపిస్తుంది. కానీ సారుకు స్పెల్లింగ్ రాదు. ప్రతి మాటా ఫోనులో వెతికి చూసుకుంటాడు. ఆ సంగతి దేవుడికీ ఫోనుకూ తప్ప ఎవరికీ తెలియదు.

ఆ వారం నవల పాఠం. అందులో వ్యభిచారం ఉంది, ఉంపుడుగత్తె ఉంది. నోట్సు రాయాలి కదా, ఆ రెండింటి ఇంగ్లీషు మాటల్నీ తోచిన అక్షరాలతో మళ్ళీ మళ్ళీ కొట్టి చూశాడు. మర్నాడు పొద్దున ఆయన భార్య మార్త, చేపల పులుసు ఎలా చెయ్యాలో చూద్దామని అదే ఫోను తీసింది. వెతికే చోట వేలు పెట్టగానే అతను అంతకుముందు వెతికినవన్నీ బారుగా దిగాయి. ఇల్లు కాలుతుంటే అక్షరదోషాలు ఎవరు చూస్తారు?

"ఇన్ని రకాలుగా ఎతికినాడంటే ఎంత ఆత్రమో!" అని గుండె బాదుకుంది.

ఆమె కబురు పెడితే సాయంత్రానికి పాస్టరుగారూ, సంఘస్థులూ వచ్చి హాల్లో చాపల మీద కూర్చున్నారు.

"ఎవరామె నాయనా?" అన్నాడు పాస్టరు.

నిజం చెబుదామని ఐజాక్ నోరు తెరిచాడు. ఎదురుగా ఉన్నవాళ్ళలో సగం మంది ట్యూషన్ పిల్లల తల్లిదండ్రులే. నోరు మూసుకున్నాడు.

"కొంచెం ఆలోచించుకోనివ్వండి."

"అయ్యో, ఒకరు కాదేమో!" అంది వెనక చాప మీద నుంచి పుష్పావతి.

మార్త మొగుణ్ణి వంటింట్లోకి లాక్కెళ్ళింది. అతను గొంతు తగ్గించి అంతా చెప్పాడు. ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

"అంతేనా! స్తోత్రం తండ్రీ!" అని అతని చెయ్యి పట్టుకుంది. తర్వాత మెల్లగా వదిలేసింది. "అయితే నీకు స్పెల్లింగే రాదా?"

"చిన్న చిన్నవి వస్తాయి."

"మా నాయన నీ మొగం చూసి ఇయ్యలేదప్పా నన్ను. నీ ఇంగ్లీషు చూసి ఇచ్చినాడు. బయట తెలిస్తే?"

"బడిలో తీసేస్తారు. ట్యూషన్ మూసుకోవాల్సిందే."

మార్త హాలు వైపు చూసింది. వ్యభిచారానికైతే క్షమాపణ ఉంది. దీనికి ఎవరు ప్రార్థన చేస్తారు?

కొంగు తల మీదికి లాక్కుని బయటికొచ్చింది.

"ఒప్పుకున్నాడయ్యగారూ. తప్పు చేసినాడంట."

అందరూ మోకరించారు. ఐజాక్ తల వంచుకుని ఆమేన్ అన్నాడు. మార్త మాత్రం పొద్దుటి కంటే గట్టిగా ఏడ్చింది. ఇన్నేళ్ళూ ఆమె గొప్పగా చెప్పుకున్న మొగుడు ఇప్పుడు నిజంగానే చెయ్యిజారిపోయాడు.