కళ్ళు వద్దన్న బొమ్మ

ఆరు బొమ్మలకు కళ్ళు తెరిచాక నాయన ఏడో బొమ్మను చేతిలోకి తీసుకున్నాడు. చాలాసేపు చూసి మళ్ళీ పలక మీద పెట్టేశాడు. దానికి కళ్ళు చెక్కవద్దని జయంతక్క మూడుసార్లు చెప్పి వెళ్ళింది.

ఏర్పేడుకు దగ్గరలో ఉన్న మా ఊళ్ళో కొయ్యబొమ్మలు చెక్కే ఇళ్ళు చాలా ఉన్నాయి. మా నాయన తిరుమలయ్య చెక్కుతాడు. నేను ఉప్పుకాగితంతో రుద్ది నునుపు చేస్తాను. పగుళ్ళుంటే రంపపు పొట్టులో జిగురు కలిపి పూడుస్తాను. ఇంటర్ అయినప్పటి నుంచి నాలుగేళ్ళుగా ఇదే పని.

మా పనిలో కళ్ళే ఆఖరు. ఎంత పెద్ద దేవుడైనా కళ్ళు పడేదాకా కట్టెతో సమానం. దాని మీద టీ గ్లాసు పెట్టుకున్నా తప్పు లేదు. పొద్దున్నే స్నానం చేసి, ఎవరితోనూ మాట్లాడకుండా, తూర్పుకు తిరిగి కూర్చుని నాయన సన్న ఉలితో రెండు కళ్ళూ తెరుస్తాడు. ఇక ఆ బొమ్మకు కాలు తగలకూడదు. తెరిచిన కన్ను మళ్ళీ పూడ్చకూడదు. కళ్ళు లేని బొమ్మ మా గడప దాటకూడదు. చేతబడి చేసేవాళ్ళే అలాంటివి అడుగుతారని మా తాత చెప్పేవాడట.

జయంతక్క తిరుపతి నుంచి వచ్చింది. చేతిపని వస్తువులు కొని బయటి దేశాలకు పంపుతుందని చెప్పింది. వచ్చిన రోజే ఏడు కాగితాలు నాయన ముందు పరిచింది. ఒక్కో కాగితం మీద ఒక్కో దేవుడు. ఆ ముఖాలను మేమెవరమూ ఎప్పుడూ చూడలేదు.

"ఈయప్ప కాళ్ళకింద ఆ పలకలేందిమా? సెంట్రింగు పనికి పోతాండాడా?" అన్నాడు నాయన.

"మంచు మీద జారేదానికన్నా. ఈయన పేరు ఉల్. చలి దేశాల పాతకాలం దేవుడు."

"ఈయనకు ఒక కాలికే సెప్పుండాది. రెండోది గుడికాడ పోగొట్టుకున్నాడేమో," అంది మా అమ్మ నాగులమ్మ.

జయంతక్క నవ్వలేదు. "ఈయన విదార్. ఆ ఒక్క చెప్పు మందంగా, బాగా తెలిసేటట్టు ఉండాలన్నా. అదే ముఖ్యం."

"ఎవురికిమా ఇవన్నీ?"

"పార్టీకన్నా."

"ఏ ఊరి పార్టీ?"

"బయట దేశం." అంతకు మించి చెప్పలేదు.

ఆమె పెట్టిన షరతులు మాత్రం చాలా ఉన్నాయి. రంగు వేయకూడదు. పాలిష్ కూడా వద్దు. ఎక్కడా పేడు లేవకూడదు. ఏడో బొమ్మకు కళ్ళుండే చోట రెప్పలు మూసినట్టు కూడా చెక్కకుండా నున్నగా వదిలేయాలి. బొమ్మ కింద కొట్టడానికి ఏడు రేకుముక్కలు ఇచ్చింది. వాటి మీద అక్షరాలు లేవు, పొడుచుకు వచ్చిన చుక్కలు మాత్రం ఉన్నాయి.

నేను పెద్దగా మాట్లాడను. అందుకని నా ముందు మనుషులు కొంచెం ఏమరుపాటుగా ఉంటారు. రెండోసారి వచ్చినప్పుడు జయంతక్క పూర్తయిన ఉల్ బొమ్మను తీసుకుని గోడవైపు తిరిగింది. కళ్ళు మూసుకుంది. పది వేళ్ళతో తల నుంచి పాదాల దాకా మెల్లగా తడిమింది. పెదవులు కదులుతున్నాయి. నేను చూస్తున్నానని తెలియగానే బొమ్మను దించి, "టైమెంతయింది?" అని అడిగింది. ఆమె చేతికే గడియారం ఉంది. మా ఇంట్లో నీళ్ళు కూడా ముట్టదు, సీసా తెచ్చుకుంటుంది. ఇవన్నీ నేను ఎవరికీ చెప్పలేదు. కానీ ఆ రోజు నుంచి ఆ రేకుముక్కలను చేత్తో పట్టుకోలేక కాగితంలో చుట్టి పెట్టాను.

మేము పనిచేసే షెడ్డులోనే గంగమ్మ గుడి సింహం కూడా ఉంది. అమ్మవారి జాతరకు వాహనం. పాత సింహాన్ని మా తాత చెక్కాడు. దాని ముందుకాలు విరిగిపోయాక కొత్తది ఎవరికివ్వాలని గుడి పెద్దలు రెండు నెలలు వాదించుకున్నారు. మా ఊళ్ళోనే బొమ్మలు చేసే ధనశేఖర్‌కు పెద్ద షెడ్డు ఉంది, మెషిన్లు ఉన్నాయి. అయినా తండ్రి చేసిన సింహం కొడుకు చేతి మీదే రావాలని చివరికి నాయనకు ఇచ్చారు. సగం పనిలో దాన్ని వెనక్కి తీసుకుపోతే ఆ మాట చుట్టుపక్కల గుళ్ళన్నిటికీ పాకుతుంది. ఇక ఏ దేవుడి పనికీ నాయనను పిలవరు.

బుధవారం గుడి పెద్ద ఆదిమూలం మామ సింహాన్ని చూడటానికి వచ్చాడు. జూలు మీద చెయ్యి వేసి, తల ఊపి, పక్కనున్న పలక వైపు తిరిగాడు.

"ఇవేంది, గుడి కట్టెలో మిగిలినదాంతోనే చేస్తాండావా?"

"ఛ, కాదప్పా. ఇది వేరే కట్టె. దుంగ ఆడ ఉండాది, సూసుకో."

ఆయన నిజంగానే వెళ్ళి చూశాడు. తిరిగి వచ్చి నేను చుట్టి పెట్టిన కాగితం విప్పాడు. "ఈ చుక్కలేంది? చేతబడి యంత్రం మాదిరి ఉండాదే."

ఆయన ఏడో బొమ్మను ఎత్తి ముఖం వైపు చూశాడు.

"కండ్లేవి?"

"వద్దన్నారు," అన్నాడు నాయన.

"వద్దన్నారంట. ఎవురు? యాడోళ్ళు?"

"తిరపతామె. పేరు జయంతి."

"ఆమెకు సొంతానికా?"

"తెలీదప్పా."

ఆదిమూలం మామ బొమ్మను దించి వేళ్ళు పంచెకు తుడుచుకున్నాడు. "తెలీదు. మా అమ్మ సింహం పక్కన దీన్ని కూచోబెట్టుకోని, ఎవురికో తెలీదంటాండావు. సూడు తిరుమలయ్యా. శుక్రవారం వస్తా. అప్పటికి దీనికి కండ్లన్నా ఉండాల, ఇది ఈడ లేకుండానన్నా పోవాల. రెండూ కాకుంటే సింహం ధనశేఖర్ షెడ్డుకు పోతాది. ట్రాక్టరు నేనే తెస్తా."

ఆయన వెళ్ళాక నాయన జయంతక్కకు ఫోన్ చేశాడు. "ఎవురికో ఒక్క మాట సెప్పుమా," అన్నాడు. అవతల నుంచి ఆమె గొంతు నాకూ వినపడింది. "ఎవరికైతే ఏముందన్నా? బొమ్మ చూసి చేయండి. శుక్రవారం తీసుకుంటాను." ఫోన్ పెట్టేసింది. దాచేదేమీ లేకపోతే చెప్పడానికేం అని అమ్మ అంది. నాకూ అలాగే అనిపించింది.

కాగితాల వెనుక ఇంగ్లీషులో పేర్లున్నాయి. వాటిని ఒక్కొక్కటే ఫోన్‌లో కొట్టి, తెలుగులోకి మార్చుకుని చదివాను. సినిమాల్లో సుత్తి పట్టుకునే దేవుడి గురించైతే పేజీలకు పేజీలు ఉన్నాయి. వీళ్ళ గురించి నాలుగేసి వాక్యాలే. ఉల్ కథలన్నీ పోయాయట, ఊళ్ళ పేర్లలో మాత్రం మిగిలాడట. విదార్ నోరు విప్పని దేవుడు. చెప్పులు కుట్టేవాళ్ళు బొటనవేలి దగ్గర, మడమ దగ్గర కోసి పారేసే తోలుముక్కలన్నీ చేరి ఆయన చెప్పు అయిందట. ఒక రోజు తోడేలు నోట్లో ఆ కాలు పెట్టి చీలుస్తాడట. ఒట్లు వినడానికే వార్ అని ఒక దేవత ఉంది. ఏడో దేవుడు హోడ్. ఆయన గుడ్డివాడు.

అంటే కళ్ళు వద్దనడానికి కారణం ఉంది. నా గుండె కొంచెం కుదుటపడింది. కానీ మిగతా కథ దానికంటే భయంగా ఉంది. ఏ ఆయుధమూ హోడ్ తోడబుట్టినవాడిని ఏమీ చేయదని దేవుళ్ళంతా వాడి మీదికి ఆటగా రాళ్ళూ కత్తులూ విసురుతుంటే, హోడ్ ఒక పక్కన ఊరికే నిలబడ్డాడు. మాయగాడొకడు వచ్చి బదనిక పుల్లను అతని చేతిలో పెట్టి, ఎటు విసరాలో చెయ్యి పట్టి చూపించాడు. హోడ్ విసిరాడు. తోడబుట్టినవాడు చచ్చిపోయాడు.

చెట్టు మీద చెట్టుగా పెరిగే ఆ బదనిక పేరెత్తితే మా వైపు అన్నంలో మందు పెట్టి మనుషులను పాడుచేసేవాళ్ళే గుర్తొస్తారు.

అన్నం తినేటప్పుడు నాయనకు చెప్పాను. ఆయన ముద్ద నోట్లో పెట్టుకోకుండా విన్నాడు.

"గుడ్డోడని సెప్తే ఆదిమూలం మామ వింటాడేమో నాయనా."

"విని, ఏం చేసినాడని అడగతాడు. తోడబుట్టినోణ్ణి సంపినాడని సెప్తామా? బదనికతో?" ముద్ద కంచంలో పెట్టేశాడు. "ఎవురికో ఆ యమ్మ సెప్పుంటే బాగుండు."

శుక్రవారం పొద్దున నేను షెడ్డులోకి వెళ్ళేసరికి నాయన తూర్పుకు తిరిగి కూర్చుని ఉన్నాడు. తల తడిగా ఉంది. నన్ను చూసినా మాట్లాడలేదు. చేతిలో ఏడో బొమ్మ. సన్న ఉలి కొనకు గోధుమరంగు పొట్టు అంటుకుని ఉంది. ఆ ముఖంలో రెండు కళ్ళు తెరుచుకుని ఉన్నాయి. మంచి కళ్ళు. అమ్మవారికి చెక్కినట్టే చెక్కాడు.

ఎనిమిది దాటాక ట్రాక్టరు వచ్చింది. ఆదిమూలం మామ దిగి, నేరుగా పలక దగ్గరికి పోయి, ఏడు ముఖాలూ చూశాడు.

"ఊఁ. ఇప్పుడు సరిపోయింది," అన్నాడు. బీడీ వెలిగించబోయి, సింహాన్ని చూసి ఆగిపోయాడు.

ఆయన ట్రాక్టరు తిప్పించుకునేలోపే జయంతక్క ఆటో వచ్చి ఆగింది. ఆమె ఎవరి వైపూ చూడకుండా బొమ్మలను ఒక్కొక్కటిగా తీసుకుంది. ఈసారి గోడవైపు తిరగలేదు. అందరి ముందే కళ్ళు మూసుకుని తడిమింది. విదార్ చెప్పు దగ్గర వేళ్ళు ఆగాయి, ఆమె ముఖం కొంచెం విచ్చుకుంది. ఏడో బొమ్మ దగ్గర బొటనవేలు కంటి మీద ఆగిపోయింది. కళ్ళు తెరిచింది.

"ఇదేందన్నా? వద్దన్నాను కదా."

"ఆయన్ను కాదు, నన్నడుగు," అన్నాడు ఆదిమూలం మామ. "నేను పెట్టించినా. కండ్లు మూసుకోని ఆ తడిమేదేంది? ఆ చుక్కలేంది? ఎవురికమ్మా ఇవి?"

ఆమె ఆయననూ, ట్రాక్టరునూ, నాయననూ చూసింది. ఎవరిని నమ్మాలో లెక్క వేసుకుంటున్నట్టు ఉంది. కడకు ఫోన్ తీసి ఒక వీడియో పెట్టింది. పదేళ్ళ తెల్లపిల్ల బల్ల ముందు కూర్చుని ఒక కొయ్య పడవను వేళ్ళతో చూస్తోంది. ఆ పిల్ల కళ్ళు ఎటూ చూడటం లేదు.

"చూపు లేని పిల్లల బడి. పెద్ద దేవుళ్ళ బొమ్మలు ఆ దేశంలో అంగళ్ళలో దొరుకుతాయంట. వీళ్ళవి ఎవరూ చేయరు. దేవుళ్ళలో తమలాంటివాడు ఒకడున్నాడని టీచరు చెప్తే, ముందు వాణ్ణే అడిగినారంట. ఆ చుక్కలు వాళ్ళ అక్షరాలు. బొమ్మల పేర్లు."

"ఈ మాట ముందే సెప్పేదానికేం?" అంది అమ్మ.

"పోయినసారి ఇంకోచోట చెప్పినానక్కా. పిల్లలకు కనపడదు కదా అని వెనకపక్క గరుకుగా వదిలేసినారు. పేడు గుచ్చుకుని ఒక పిల్లకు రక్తం వచ్చింది. అప్పటినుంచి ఎవరికీ చెప్పడం లేదు." గొంతు తగ్గించింది. "సోమవారం పార్సిల్ పోవాలన్నా. ఈ కళ్ళు వాళ్ళ వేళ్ళకు ముందు తెలిసిపోతాయి."

నా దగ్గరున్న పొట్టూ జిగురూ గుర్తొచ్చాయి. అరగంటలో పూడ్చగలను. నాయన నా చూపు గమనించి తల అడ్డంగా ఆడించాడు.

"తెరిసిన కన్ను మూసేది లేదు. ఇది మా ఇంట్లో ఉంటాది. ఆదివారానికి ఇంకోటి చెక్కతాను."

"కండ్లు?" అన్నాడు ఆదిమూలం మామ.

"ఉండవు."

బయట ట్రాక్టరు ఇంజను ఆడుతూనే ఉంది.

"మీ నాయన ఏం సెప్పినాడో మర్సిపోయినావా?"

"మర్సిపోలేదప్పా. కండ్లతో సూసేవాళ్ళకు చేసే బొమ్మల గురించి సెప్పినాడు. ఇది చేత్తో సూసేవాళ్ళకు." నాయన సింహం వైపు చెయ్యి చూపించాడు. "సింహం తీసకపోతే తీసకపో. నేను అడ్డం రాను."

"వీడియోలు ఎవురైనా సూపిస్తారు," అన్నాడాయన. కాగితంలోంచి ఒక రేకు తీసి బొటనవేలితో రుద్దాడు. "ఇదేం పేరు?"

"ఉల్," అంది జయంతక్క.

ఆయన మళ్ళీ రుద్ది చూసుకున్నాడు. రేకు దించి సింహం దగ్గరికి నడిచాడు. డ్రైవర్ తాడు తీసుకుని లోపలికి రాబోయాడు. ఆదిమూలం మామ రెండు చేతులూ సింహం ముఖం మీద ఉంచి కళ్ళు మూసుకున్నాడు. ఇంకా కళ్ళు పడని ముఖం అది. నొసలు, ముక్కు, కోరలు మెల్లగా తడుముతూ వేళ్ళు కిందికి దిగాయి. దవడ కింద ఆగాయి.

"ఈడ గరుకుగా ఉండాది," అన్నాడు కళ్ళు తెరవకుండానే. "ఎవురు రుద్దినారిది?"

"నేనే మామా."

"ఇట్లనే ఇస్తారా మా అమ్మకు?" చేతులు దులుపుకుని బయటికి వచ్చాడు. "ఆదివారం ఆ పార్సిలు కట్టేటప్పుడు నేనుండాల. నా ముందరే కట్టాల," అని జయంతక్కకు వేలు చూపించి, డ్రైవర్‌ను తాడు ట్రాక్టర్లో పెట్టేయమన్నాడు. ట్రాక్టరు ఖాళీగానే వెళ్ళిపోయింది.

నేను ఉప్పుకాగితం తీసుకుని సింహం కిందికి వంగాను. అక్కడ ఎంత చూసినా నాకేమీ కనపడలేదు. కళ్ళు మూసుకుని వేలు పెడితే దొరికింది.