అరెకా మట్టలు

పాడె కట్టడం అయిపోయింది, కొబ్బరి మట్టలే తక్కువ. శ్రీకాకుళం నుంచి వచ్చి రాయపూర్ రైల్వేవాళ్ళ డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో స్థిరపడ్డ మావాళ్ళకు పచ్చి కొబ్బరాకు పరవని పాడె పాడే కాదు. తెల్లవారుజామున పోయిన మా అమ్మ దాలమ్మ హాల్లో చాప మీద ఉంది. నాకు ఏడుపు రావట్లేదు. నాన్నకీ రావట్లేదు. టీ ఇస్తే తాగుతున్నాడు, గ్లాసు అడిగితే ఇచ్చేస్తున్నాడు.

కొబ్బరాకు కోసం బజారంతా తిరిగిన పక్కింటి శివాజీ ఉత్త చేతులతో వచ్చాడు. కాలనీలో ఎవరు పోయినా దగ్గరుండి పాడె కట్టించే పాపయ్య మావయ్య చూపు వరండాలో కుండీ మీద పడింది.

అది అమ్మ పెంచిన అరెకా పామ్. తెలీబంధా నర్సరీలో కొని, ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. నాకంటే దాన్నే ముద్దుగా చూస్తోందని ఎన్నిసార్లు మూతి ముడుచుకున్నానో.

"ఇదీ కొబ్బరాకునాగే ఉంది కదేటి," అన్నాడు మావయ్య.

నాకు ఒళ్ళు మండింది. "అది కొబ్బరి కాదు మావయ్యా. ఎక్కడో మడగాస్కర్ దీవి మొక్క. అందానికి పెంచుకునేది. దాన్ని ముట్టుకోవద్దు."

"మరేటి సేద్దామమ్మా ఫణీ? మీయమ్మని ఉత్త వెదురు మీద పంపించీమంటావేటి?"

నాన్న లేచి, మావయ్య చేతిలోంచి కత్తి తీసుకున్నాడు. ఒక్కో మట్టా తనే కోశాడు. ఆకుల నిండా ఫ్యాక్టరీల మసి. తువ్వాలు తడిపి ప్రతి ఆకూ తుడిచాడు. మోసేవాళ్ళు ఎండలో నిలబడే ఉన్నారు.

చివరికి కుండీలో రెండు లేత పిలకలు మిగిలాయి.

"వాటినొదిలెయ్ నాన్నా. మనం పెంచుకుందాం," అన్నాను. ఆ మొక్క కూడా పోతే ఇంట్లో అమ్మది ప్రాణమున్నదేదీ ఉండదు.

నాన్న కత్తి కింద పెట్టాడు. "సరే. నీళ్ళు రోజూ పొయ్యాలా, రోజు విడిచి రోజా?"

నాకు తెలీదు. ఎప్పుడూ పొయ్యలేదు.

"ఇంట్లోనే ఉంటావు, ఏటీ తెలీదు," అని విసుక్కుని హాలు వైపు తిరిగాడు. "ఒలే! ఈ మొక్కకి నీళ్ళు ఎప్పుడు పోస్తావే?"

పాపయ్య మావయ్య కండువా నోట్లో కుక్కుకున్నాడు. నాన్న మాత్రం గుమ్మం వైపు చెవి పెట్టి, ఆవిడ చెబుతుందని నిలబడ్డాడు.