చెరిగిన పెదవులు

భూతద్దం మీద నోటి ఆవిరి పట్టించడం, చొక్కా అంచుతో తుడవడం, వెలుగుకెత్తి చూడడం. ఏళ్ళ తరబడి ఆయన పొద్దు ఇలాగే మొదలవుతుంది. ఈరోజూ ఊదాడు, తుడిచాడు. తీరా చూస్తే భూతద్దం ఎడమచేతిలో ఉంది.

కుడిచేతిలో ఉన్నది బొటనవేలి గోరు కన్నా కాస్త పెద్దదైన ఏనుగుదంతపు రేకు. దాని మీద నీటిరంగులతో వేసిన ఒక స్త్రీ ముఖం. వెనుక చిత్రకారుడి పేరుందేమో చూద్దామని చట్రం విప్పి, పై అద్దం నిన్న తానే ఊడదీశాడు. కళ్ళున్నాయి, ముక్కుంది. పెదవులు చొక్కాకు అంటుకుని వచ్చేశాయి.

చొక్కా అంచు తిప్పి చూశాడు. ఎర్రటి మరక.

ఊళ్ళో ఆయన్ని బుల్లిబొమ్మల మాస్టారంటారు. ఎవరికీ పట్టని ఈ చిట్టి చిత్రాల చరిత్రను కథల్లా రాసి ఇంటింటికీ చేర్చింది ఆయనే. అవి చదివే జనం పెట్టెల అడుగున పడున్న తాతమ్మలను బయటికి తీశారు. ప్రతి పుస్తకంలోనూ మొదటి హెచ్చరిక ఒకటే: అద్దం తీశాక ఊపిరి కూడా తగలనివ్వకండి. కంచే చేను మేయడమంటే ఇదే.

ఈ బొమ్మ, ఊళ్ళో బట్టలు కుట్టే ఒక ముసలావిడది. ఆవిడ పుట్టినప్పుడే తల్లి పురిట్లో పోయింది. తల్లిని ఆవిడ చూసిందల్లా ఈ రేకు మీదే. సాయంత్రం తీసుకెళ్ళడానికి వస్తుంది.

మాస్టారు అన్నానికి లేవలేదు. మెట్ల మీద ఎవరి చెప్పుల చప్పుడైనా తలుపు వైపు చూశాడు. సన్నకుంచె తీసి ఎరుపు కలిపాడు. ఏ పెదవులు వెయ్యాలి? నిన్నంతా వెతికింది సంతకం కోసమే. ఆ ముఖాన్ని ఆయన సరిగ్గా చూడనే లేదు.

"వచ్చినప్పుడే అలా ఉందని చెప్పండి," అంది భార్య గుమ్మంలోంచి. "మీ మాట కాదనేదెవరు?"

చెబుదామనే అనుకున్నాడు. ఆవిడ నమ్ముతుంది. అదే మరీ భయపెట్టింది.

ముసలావిడ వస్తూనే కొత్త మఖమల్ సంచీ కుర్చీలో పెట్టింది. "అమ్మకి ఒత్తుకోకుండా లోపల దూది పెట్టి కుట్టాను మాస్టారూ."

ఆయన బొమ్మను ఆవిడ ముందు పెట్టాడు. "తప్పు నాదేనమ్మా. భూతద్దమనుకుని తుడిచేశాను. పెదవులు పోయాయి."

ఆవిడ బొమ్మ అందుకుని కళ్ళకు దగ్గరగా పెట్టుకుంది. తిడితే బాగుండునని ఆయన ప్రాణం కొట్టుకుంది. తిట్టలేదు.

"పోనీ, మీరు భూతద్దంలో చూశారుగా. బొమ్మలో మా అమ్మ నవ్వుతుండేదా, ఊరికే ఉండేదా? చిన్నప్పట్నించీ నాకు తేలలేదు. అదడుగుదామనే మీ దగ్గరికి తెచ్చాను."

"నేను... చూడలేదమ్మా."

ఆవిడ బొమ్మను గుప్పిట్లో మూసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది. వెనక్కి పిలిచే ధైర్యం ఆయనకు లేకపోయింది. దూది పెట్టి కుట్టిన సంచీ, తాడు వదులు చేసింది చేసినట్టే, కుర్చీలోనే ఉంది.