చిన్నవ్వ చరణం

పెద్దులు బ్యాంజో వాయిస్తాడంటే ఒమన్‌లో అల్ హైల్ కూలీల రూముల్లోకి కొత్తగా వచ్చినవాళ్లు గిటారులాంటిదేదో ఊహించుకుంటారు. తీరా చూస్తే అది ఒళ్లో పెట్టుకునే చెక్కపెట్టె. దాని మీద తీగలు, తీగల మీద పాత టైపు మిషన్‌కు ఉన్నట్టు మీటలు. జగిత్యాల దగ్గర ఒక ఊరి భజన బృందంలో మేనమామ నేర్పిన విద్య అది. పంతొమ్మిదేళ్ల కిందట తాపీపనికి ఒమన్ వస్తూ, రెండు జతల బట్టలు ఇంట్లో వదిలేసి మరీ దాన్ని బ్యాగులో కుక్కుకొచ్చాడు. ఇక్కడి ఉప్పుగాలికి మీటలు పట్టేసినప్పుడల్లా వీధి చివర వడ్రంగం చేసే కమ్రాన్ సాఫు చేసి ఇస్తాడు. కమ్రాన్ బలూచీవాడు. వాళ్ల పెళ్లిళ్లలోనూ ఇదే వాద్యం, కాకపోతే బెంజు అంటారు.

మొదట్లో పెద్దులు కూడా నలుగురినీ నవ్వించే పాటలే పాడేవాడు. ఒకసారి ఖురంలో తెలుగువాళ్ల పండగకు పిలిచి శాలువా కప్పారు. ఐదు నిమిషాలు పాడనిచ్చి, మైకు గుంజుకుని డాన్సు పిల్లలకిచ్చారు. ఆ శాలువా ఇప్పుడు బ్యాంజో మీద దుమ్ము పడకుండా కప్పడానికి పనికొస్తోంది. ఆయన్ని జనం గుర్తుపెట్టుకుని పిలిచేది ఒక్క పాట కోసమే. యాది పాట.

మనిషి పోయిన మూడోనాడు పాడతారు దాన్ని. పోయినవాడి పేరు, పెళ్లాం పేరు, పిల్లల పేర్లు అడిగి తెలుసుకుని, పాటలో అల్లి పాడాలి. పేర్లు లేకపోతే అది రేడియో పాటరా అనేవాడు మేనమామ. ఇక్కడ శవం పెట్టెలో ఊరికి వెళ్లిపోతుంది. రూమువాళ్లకు ఏడవడానికి ఖాళీ మంచం తప్ప ఏమీ మిగలదు. అందుకని ఆ మంచం ముందే కూర్చుని పెద్దులు పాడతాడు, బతికున్నవాళ్లు కడుపునిండా ఏడుస్తారు. పేరు తెచ్చిన పాట అదే అయినందుకు ఆయనకు సిగ్గుగా ఉంటుంది. ఎవరికీ చెప్పలేదు.

ఆ మంగళవారం అల్ సువైక్ సైట్‌లో, ఆ రూముల్లోనే ఉండే సురేందర్ పరంజా మీంచి పడ్డాడు. హాస్పిటల్‌కు చేరేలోపే ప్రాణం పోయింది. కాగితాలు తేలి పెట్టె విమానం ఎక్కేసరికి పది రోజులు పడుతుందన్నారు. ఊళ్లో సురేందర్ అన్న ఒక్కడికే సంగతి చెప్పారు. పెట్టె ఇంటి ముందు దిగేదాకా మరదలికి తెలియనివ్వొద్దని అతను ఫోన్‌లో బతిమాలాడు. జ్వరం, హాస్పిటల్‌లో ఫోన్ ఇవ్వరు అని ఆమెకు చెప్పారట. గల్ఫ్‌లో ఎవరు పోయినా ఇంటికి ముందు జ్వరమే వస్తుంది. ఈ అబద్ధాన్ని మొదట ఎవడు కనిపెట్టాడోగాని, అందరూ దాన్నే వాడుతున్నారు.

పెద్దులు ఎప్పుడూ పేర్లు ఇంటివాళ్లనే అడుగుతాడు. ఈసారి ఆ దారి లేదు. సురేందర్ పక్క మంచం ఓంకార్‌ను అడిగాడు.

"భార్య సంధ్య. ఒక్కతే బిడ్డ, చిన్నవ్వ," అన్నాడు ఓంకార్. "ఫోన్ల ఎప్పుడు జూసినా చిన్నవ్వ, చిన్నవ్వ అనుకుంటనే ఉంటుండె గదనే."

గురువారం డ్యూటీ దిగాక పాట పెట్టుకున్నారు. ఎవరూ ఫోన్‌లో వీడియో పట్టొద్దని పెద్దులు ముందే గట్టిగా చెప్పాడు. సంధ్యమ్మకేమని చెప్పుదుమని మొదటి చరణంలో పాడాడు. మూడో చరణంలో, చిన్నవ్వకు పట్టీలు దెస్తనంటివి, ఆ పట్టీల సప్పుడు నీకెట్ల వినబడాలె అని పాడేసరికి ఓంకార్ గోడకు తల కొట్టుకున్నాడు.

చెప్పినమాట వినకుండా ఎవడో పట్టనే పట్టాడు. పట్టినవాడు ఊరుకోకుండా స్టేటస్ పెట్టాడు. ఆ చెయ్యి ఎవరిదో ఈరోజుకీ తేలలేదు.

శుక్రవారం మధ్యాహ్నం అందరూ వంటలో ఉండగా ఓంకార్ ఫోన్ మోగింది. పేరు చూసి అతని మొహం పాలిపోయింది. ఎత్తి, ఒక్క నిమిషం విని, మైకు మీద అరచెయ్యి అడ్డంపెట్టి ఫోన్ పెద్దులు చేతిలో పెట్టాడు.

"సురేందర్ భార్య. పాట గురించి అడుగుతుంది," అన్నాడు గుసగుసగా. "అది వేరే సురేందర్ అని జెప్పు కాకా, నీకు దండం పెడ్త."

పెద్దులు ఫోన్ చెవికి ఆనించుకున్నాడు. కూరలు తరిగే పీట మీదే కూలబడ్డాడు.

"అన్నా, పాట పాడింది మీరేనట గదా," అంది సంధ్య. గొంతు నెమ్మదిగానే ఉంది. "పక్కింటి పిల్ల స్టేటస్ల జూసిన. సురేందర్ అన్నరు, సంధ్య అన్నరు. అంతల్నే ఆగిపోయింది, అర నిమిషమే వచ్చింది. మా ఆయన జ్వరమొచ్చి దవాఖాన్ల ఉన్నడంటున్నరు. ఆ పాట ఎవ్వరిదన్నా?"

పాటలో ఒక్క అబద్ధం పెట్టకుండా ఇన్నేళ్లు బతికినవాడు పెద్దులు. మాటలో ఎలా పెట్టాలో తోచలేదు. అలవాటుగా అడిగే ప్రశ్నే నోటికొచ్చింది.

"మీ బిడ్డ పేరేంది చెల్లె?"

"సాన్విత."

పెద్దులుకు ప్రాణం లేచొచ్చింది. ఓంకార్ చెప్పిన పేరు తప్పు. ఎప్పుడూ పేరు తప్పితే రాత్రంతా నిద్రపట్టని మనిషి, ఈ ఒక్క తప్పుకు మాత్రం దేవుడికి దండం పెట్టుకున్నాడు. పాపం, ఆ దేవుడు ఆయన వైపు లేడని తెలియదు.

"అయితే నువ్వు రంది వెట్టుకోకు చెల్లె," అన్నాడు, గొంతు గట్టి చేసుకుని. "ఆ సురేందర్ వేరే. పేర్లు కలుస్తయి, ఏం జేస్తం. మిగిలిన పాట వింటె నీకే తెలుస్తుండె. ఆయన బిడ్డ సాన్విత గాదు. చిన్నవ్వ."

పొయ్యి మీద పప్పు పొంగి మంట చుయ్యిమంది. ఓంకార్ దింపడానికి కదలలేదు. ఫోన్‌లోంచి దూరంగా చిన్నపిల్ల ఎవరినో పిలుస్తున్న గొంతు వినబడుతోంది.

"మా ఆయన తల్లి పేరది," అంది సంధ్య. "బిడ్డను అట్ల ఆయనొక్కడే పిలుస్తడన్నా. ఫోన్లనే పిలుస్తడు. ఇంట్ల ఇంకెవ్వలు పిలువరు."

పెద్దులు కళ్లు మూసుకున్నాడు. అబద్ధం ఆడబోయి, పాటలో కూడా చెప్పనంత నిజం చెప్పేశాడు.

ఆమె ఏడవలేదు. ఏడిస్తే బాగుండునని ఆయన కోరుకున్నాడు.

"ఆ చరణం నాకు రాలేదు," అంది. "అండ్ల ఏమున్నదో వినిపియ్యన్నా."

పెద్దులు ఫోన్‌తో సహా రూములోకి వెళ్లి, దాన్ని మంచం మీద పెట్టి, శాలువా తీసి బ్యాంజో ఒళ్లో పెట్టుకున్నాడు. మాటలు వదిలేసి, ఆ చరణం వరస మాత్రం మీటల మీద వాయించాడు. అవతల ఆమె ఫోన్ పెట్టేయకుండా వింటూనే ఉంది.