గడప దగ్గర కుప్పయ్యను పిలవొద్దు

చచ్చినవాణ్ణి చచ్చినట్టు ఉండనివ్వని పాపం మీది. తిరుపతి ఆఫీసులో కూర్చొని మా ఊరికి పర్యాటక ప్రణాళిక గీసిన సార్లూ, మేడమ్‌లూ, మిమ్మల్నే అంటున్నాను. ఇందులో నా పాపమూ ఉంది. దాచను.

మాది నగరి పక్కన నేతపని ఊరు. నేను ధనుంజయను, మరమగ్గం కూలీని. పోయిన ఏడాది ఆగస్టులో, ఆడికృత్తిక పండుగ అయ్యాక, నేత సొసైటీ షెడ్డులో మీరు మీటింగు పెట్టారు. మీ నందిత మేడమ్ నేలమీద పెద్ద కాగితం పరిచి, స్కెచ్ పెన్ను మా చేతికిచ్చి, "ఊరు మీది, ప్లాను మీది. వచ్చేవాళ్ళకు ఏం చూపిద్దామో మీరే చెప్పండి" అంది. అలా అడిగినవాళ్ళను మేం అంతవరకు చూడలేదు. పొంగిపోయాం.

"కరెంటు లేకుండా, చేత్తో కాలితో గుంటమగ్గం నేసేవాళ్ళు ఎవరెవరు?" అంది.

"కుప్పయ్య" అన్నాను. అందరూ తలూపారు.

కుప్పయ్యన్న పోయి అప్పటికి నాలుగు నెలలు. మా వీధిలో మనిషి పోతే, సంవత్సరీకం అయ్యేదాకా ఎవరెవరని ఎవరడిగినా ఆ పేరే ముందు చెబుతాం. కానీ అతని గడప ముందు నిలబడి మాత్రం ఆ పేరు పిలవం. పిలిస్తే పోయే మనిషి వెనక్కి తిరుగుతాడంటారు. ఇది మాకు చిన్నప్పటినుంచి తెలుసు. తెలియనివాళ్ళు ఉంటారన్న ఆలోచనే రాలేదు. ఎన్నేళ్ళుగా నేస్తున్నాడని ఆమె అడిగింది. నలభై అన్నాం. రాసుకుంది. బోండాలు తిని ఇళ్ళకు పోయాం. మీలో ఒక్కరూ ఆ ఇంటి ముఖం చూడలేదు.

కార్తీకం పోయాక బోర్డు వచ్చింది. కుప్పయ్యన్న భార్య చౌడేశ్వరమ్మ వదిన గుమ్మం పక్కనే నాటారు. మగ్గం బొమ్మ, దాని కింద అక్షరాలు: 'నేత కళాకారుడు కుప్పయ్య ఇల్లు. గడప దగ్గర నిలబడి పేరుతో పిలవండి. ఆయన మీతో మాట్లాడతారు.'

నాటేవాళ్ళతో అప్పుడే కొట్లాడాను. "మాకేం తెల్దునా, నాటమన్నారు, నాటినాం" అన్నారు.

తిరుపతి కొండకు పోయి వచ్చే వ్యాన్లు ఆగడం మొదలైంది. "కుప్పయ్యగారూ" అని పెద్దలు, "కుప్పయ్యా" అని పిల్లలు, రోజుకు పదిసార్లు. వదిన బయటికి వచ్చి "లేడు" అనేది. ఎప్పుడొస్తాడని అడిగేవాళ్ళు. ఆమె లోపలికి పోయేది.

నాలుగోరోజు మధ్యాహ్నం రెండింటికి కరెంటు పోయింది. వీధిలో మరమగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగాయి. ఆ నిశ్శబ్దంలో గుంటమగ్గం ఆడుతోంది. టక్కు. కాసేపు ఆగి, మళ్ళీ టక్కు. అన్నకు ఎడమ మోకాలి నొప్పి, మగ్గం ఆగి ఆగి తొక్కేవాడు. ఆ ఆగడం వీధి మొత్తానికీ తెలుసు. పరుగెత్తాను. వదిన గడపలో కూర్చొని బియ్యం ఏరుతోంది. లోపల మగ్గం గుంటమీద చెక్క మూసే ఉంది. చెక్కమీద దుమ్ము కూడా చెదరలేదు.

"వదినా, ఇనబడిందా?"

"మూడు దినాలుగా ఇంటానే ఉండా."

"బయం ల్యాదా నీకు?"

"మీ అన్నకా బయపడేది? మోకాలికి పుత్తూరు కట్టు కట్టుకోని గూడా, ఎవురన్నా పిలిస్తే కుంటుకుంటా లేసొచ్చే మనిషి. ఇంతమంది పిలస్తాంటే పలక్కుండా యాడుంటాడప్పా?" చేట పక్కన పెట్టింది. "వాళ్ళకి సెప్పు ధనుంజయా. కాళ్ళు నొస్తాయి ఆయనకి."

నందిత మేడమ్‌కు ఫోన్ చేశాను. "అయ్యో, ఆయన లేరని ఎవరూ చెప్పలేదే" అంది. అది నిజం. "కానీ మొదటి విడత ఆమోదమైపోయింది. మార్చాలంటే కమిటీ తీర్మానం కావాలి, జూన్‌లో. అంతవరకు ఇంకెవరినైనా కూర్చోబెట్టండి. పేరు అదే ఉండనీండి."

"ఆ పేరు పెట్టుకోని ఆ గుంటలో దిగే మగోడు మా ఈదిలో ల్యాడు మేడం."

బోర్డుకు గోనెసంచి కప్పాను. మర్నాడే మీవాళ్ళు వచ్చి తీసేసి, ఇంకోసారి ముట్టుకుంటే కేసు అన్నారు.

మూడు నెలలుగా ఆ పిలుపులు ఆగలేదు. నిన్న ఒక వ్యాను ఆగింది. టోపీ పెట్టుకున్న ఒకాయన గడప దగ్గర నిలబడి "కుప్పయ్యగారూ" అన్నాడు. వదిన "లేడు" అనలేదు. పొయ్యి దగ్గరినుంచే, ఎప్పటి మాటలాగా, "కూచోండి, వస్తాండాడు" అంది. నేను లోపలికి తొంగిచూశాను. రెండు కంచాలు పెట్టి ఉన్నాయి. మగ్గం గుంటమీద చెక్క తీసేసి ఉంది.

సంవత్సరీకానికి పంతొమ్మిది రోజులుంది. ఆ రోజు ఆమె ఆయన్ని సాగనంపాలి. మీరు పిలిపిస్తూ ఉంటే ఎలా పంపుతుంది? ఇప్పుడు పంపాలన్న మనసే పోతోంది ఆమెకు. ఇంకొన్నాళ్ళు పోతే ఆమె కూడా మాకు దక్కదు.

జూన్ దాకా ఆగేది లేదు. రేపే రండి. కూలీలను పంపడం కాదు, ఆ పేరు రాసిన చేతులతోనే బోర్డు పీకండి. పేరు చెప్పింది నేను కాబట్టి గడ్డపార నేను పట్టుకుంటాను. ఆ తర్వాత ఇంటింటికీ తిరిగి, ఎవరున్నారో ఎవరు పోయారో అడిగి, కళ్ళతో చూసి, మళ్ళీ గీయండి మీ ప్లాను. వచ్చినప్పుడు వదిన ఇంటి తలుపు చేత్తో తట్టండి. ఎవరి పేరూ పిలవొద్దు.